కుక్కను తెచ్చే ముందు కుర్చీ సంగతి చూద్దాం



పోయిన ఆదివారం మీటింగులో మేము నోరు విప్పలేకపోయాం. ఆ చప్పట్లలో విప్పినా ఎవరికీ వినిపించేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాక తిట్టండి.

విషయం మీకు తెలిసిందే. మన సంఘం తరఫున పిల్లలకు పెట్టబోయే ఉచిత పంటి పరీక్షల క్యాంపులో ఒక తెల్లటి రాజపాళయం కుక్కను కూర్చోబెడదామని ప్రతిపాదన వచ్చింది. విదేశాల్లో పంటి డాక్టర్ల దగ్గర థెరపీ డాగ్స్ ఉంటాయని, వాటిని నిమురుతూ కూర్చుంటే పిల్లలకు భయం పోతుందని చెప్పారు. మన ఊరి పేరుతోనే ఒక జాతి ఉన్నప్పుడు మనకంటే బాగా ఎవరు చేస్తారన్నారు. పేపర్లో ఫొటో వస్తుందన్నారు. మర్నాడు పొద్దున్నకల్లా గ్రూపులోకి బ్యానరు కూడా వచ్చేసింది: కుర్చీలో నవ్వుతున్న పాప, పక్కన తెల్ల కుక్క, పైన సంఘం పేరు.

మేము ఐదు కుటుంబాల వాళ్లం దీనికి ఒప్పుకోవడం లేదు. కుక్కంటే గిట్టక కాదు. మాలో రెండిళ్లలో ఇప్పటికీ రాజపాళయం కుక్కలే కాపలా. మా అభ్యంతరం రెండు మాటల్లో చెప్తాం. ఆ కుక్క ఆ పనికి పుట్టింది కాదు. ఆ పిల్లల భయం కుక్క వల్ల పోయేది కాదు, ఎందుకంటే దాన్ని పుట్టిస్తున్నది మనమే.

ముందు న్యాయంగా ఒక మాట ఒప్పుకుంటాం. ఈ ఆలోచన వెర్రిది కాదు. దీని వెనక చరిత్ర ఉంది. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఉండేవాడు. ఆయన కుక్క పేరు జింగిల్స్. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడిని 1950ల్లో తల్లి ఆయన దగ్గరికి తీసుకొచ్చింది. చెప్పిన టైముకంటే చాలా ముందే వచ్చేశారు. మామూలుగా పిల్లలొచ్చే వేళకు జింగిల్స్‌ను లోపల ఉంచేవాడు, ఆ రోజు అది ఆయన దగ్గరే ఉంది. తిన్నగా వెళ్లి పిల్లవాడి ముఖం నాకింది. ఆ పిల్లవాడు భయపడకుండా దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత లెవిన్సన్ కుక్కను తన వైద్యంలో భాగం చేసుకుని, 1962లో దాని మీద వ్యాసం రాశాడు. ఈ థెరపీ డాగ్స్ ముచ్చటకు చాలామంది మొదలు అక్కడే చూపిస్తారు.

పంటి వైద్యం సంగతికొస్తే, 2001లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు 40 మందిని తీసుకుని, సగం మందికి పక్కన కుక్కను ఉంచారు, సగం మందికి ఉంచలేదు. మొత్తంమీద రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వస్తూనే భయంగా ఉందని చెప్పిన పిల్లల్లో మాత్రం తేడా కనబడింది. అదీ ఎప్పుడు? డాక్టరు వచ్చేదాకా ఎదురుచూస్తూ పడుకున్న ఆ కాసేపు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం. కుక్క సాయపడింది నిజమే. సాయపడింది భయపడే పిల్లలకు, ఎదురుచూసే వేళ.

ఇప్పుడు మన కుక్క సంగతి. దాని గొప్ప మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2005లో తపాలాశాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో మనది ఒకటి. 2020లో దేశీ జాతులుగా అధికారికంగా నమోదైన మొదటి మూడు కుక్కల్లో చిప్పిపారై, ముధోల్ హౌండ్‌తో పాటు రాజపాళయం ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దేశీ కుక్కల గురించి చెబుతూ దీని పేరు తీశారు. ఆ రోజు ఊళ్లో ఎంతమంది స్టేటస్ పెట్టారో మాకు గుర్తుంది. మేమూ పెట్టాం.

కానీ ఇంట్లో పెంచినవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. పాళెగాళ్ల కాలం నుంచి ఇది అడవిపంది వేటకూ, ఇంటికీ పొలానికీ కాపలాకూ పెంచిన కుక్క. పెంచినవాడి మాటే వింటుంది. తెలియనివాడు తల మీద చెయ్యి వేస్తే తోక ఊపదు, పక్కకు తిరుగుతుంది, లేదా గుర్రుమంటుంది. అది దాని తప్పు కాదు, దాని గుణం. ఆ గుణం కోసమే మన తాతలు దాన్ని పెంచారు. పైగా ఈ తెల్ల కుక్కల్లో పుట్టు చెవుడు ఎక్కువని పెంపకందార్లందరికీ తెలుసు. చెవుడున్న కుక్కను వెనక నుంచి పసివాడు తటాలున ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి పశువుల డాక్టరు అక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఆలోచించండి. కుర్చీలో పిల్ల కెవ్వుమంటోంది. ముసుగు కట్టుకున్న కొత్తమనిషి నోట్లో ఏదో పెడుతున్నాడు. ఇద్దరు కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. పక్కన కూర్చున్నది కాపలా కుక్క. అది ఎవరి పక్షాన లేస్తుందనుకుంటున్నారు? డాక్టరు గారికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

థెరపీ డాగ్ అన్నది జాతి పేరు కాదు. ఏ జాతిలోనైనా ఆ స్వభావమున్న కుక్కను ఏరి, తర్ఫీదిచ్చి, కొత్తవాళ్ల చేతులు, చప్పుళ్లు, ఏడుపులు తట్టుకుంటుందో లేదో పరీక్షించి పంపుతారు. ఆస్పత్రుల్లో అంటువ్యాధులు చూసే అమెరికన్ నిపుణుల సంఘం 2015లో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కుక్క ఎదిగినదై ఉండాలి. తర్ఫీదు పొందిన మనిషి చేతిలోనే దాని తాడుండాలి. ఒక్కో రాక గంట దాటకూడదు. ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు శుభ్రం చేసుకోవాలి. పచ్చి మాంసం తినే కుక్కను రానివ్వకూడదు. మన ప్రతిపాదనలో వీటిలో ఒక్కటైనా ఉందా? ఫలానావారి ఇంట్లో మంచి కుక్క ఉంది, స్నానం చేయించి తెస్తారు అన్నారు. అంతే.

ఇక పిల్లల వైపు నుంచి చూద్దాం. మన వీధుల్లో సైకిలు మీద ట్యూషన్‌కు పోయే పిల్లల్లో కుక్క వెంటపడనివాడు ఎవడు? ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లలకు 'కుక్క దగ్గరికి పోవద్దు' అని రోజూ చెప్పేది మనమే. వేరే దేశంలో కుక్కతో ఒకే మంచం మీద పడుకుని పెరిగిన పిల్లకు ఊరటనిచ్చేది, ఇక్కడ పిల్లకు రెండో భయం కావచ్చు. క్యాంపుకు మన ఇళ్ల పిల్లలే కాదు, చుట్టుపక్కల అన్ని కులాల, మతాల పిల్లలూ వస్తారు. కుక్కను ముట్టుకోని ఇళ్లవాళ్లుంటారు. ఆయాసమున్న పిల్లలుంటారు, బొచ్చు పడని పిల్లలుంటారు. వాళ్లు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగితే ఆ పాపం ఎవరిది?

అసలు సంగతికి వస్తున్నాం. ఇది రాయడానికి మాకు సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాం.

మాలో ఒకరి మనవరాలికి ఏడేళ్లు. మూడు రాత్రులు పంటి నొప్పితో నిద్రపోలేదు. నాలుగో రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. గంటన్నర బయట కూర్చోబెట్టారు. లోపల ఇంకో పిల్లవాడి ఏడుపు, ఆ మిషను గుయ్యిమనే చప్పుడు. పిల్ల మా చీర కొంగు వదల్లేదు. లోపలికి పిలిచాక డాక్టరు 'ఒణ్ణుం పణ్ణమాట్టేన్, ఏమీ చెయ్యను, చూస్తానంతే' అన్నాడు. పిల్ల నమ్మి నోరు తెరిచింది. సూది గుచ్చాడు. అది ఎగిరి పడింది. అప్పుడు కాళ్లు పట్టుకున్నది తండ్రి. తల పట్టుకున్నది నాయనమ్మ. చేతులు పట్టుకున్నది మేమే. పన్ను వచ్చేసింది. ఐదు నిమిషాల పని. డాక్టరు 'గట్టి పిల్ల' అని నవ్వాడు. మేమూ నవ్వాం.

ఇంటికొచ్చాక ఆ పిల్ల ఒక్కటే అడిగింది. 'ఏమీ చెయ్యనని చెప్పి చేశాడేం? మీరు పట్టుకున్నారేం?' మా దగ్గర జవాబు లేదు. ఈరోజుకీ వెనక పళ్లు తోమనివ్వదు. నోటి దగ్గరికి ఎవరి చెయ్యి వచ్చినా పెదాలు బిగించేస్తుంది. ఇంకో సంగతీ ఒప్పుకుంటాం. దానికి నెల ముందు అన్నం తినకపోతే 'పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఊసి వేయిస్తాం' అని బెదిరించింది ఎవరో కాదు, మేమే.

ఆ రోజు ఆ గదిలో ఎంత మంచి కుక్క ఉంటే మాత్రం ఏం చేసేది? అబద్ధం చెప్పింది డాక్టరు. బెదిరించిందీ, పట్టుకున్నదీ మేము. వీటిలో ఏ ఒక్కటీ మారకుండా కుక్కను మాత్రం పక్కన పెడితే, పిల్లకు కుక్క మీద కూడా నమ్మకం పోతుంది.

థెరపీ డాగ్స్ దగ్గర మాకు నిజంగా నచ్చిన నియమం ఒకటుంది. మంచి నిర్వాహకుడు కుక్క ముఖమే చూస్తూ ఉంటాడు. అది మాటిమాటికీ ఆవులిస్తే, మూతి నాకుకుంటే, ముఖం తిప్పుకుంటే, దానికి ఇష్టం లేదని గ్రహించి బయటికి తీసుకెళ్లిపోతాడు. బలవంతం చెయ్యడు. ఒక్కసారి పక్కన పెట్టి చూడండి. కుక్క ముఖం తిప్పుకుంటే పని ఆగుతుంది. అదే పిల్ల ముఖం తిప్పుకుంటే? గడ్డం పట్టుకుని ఇటు తిప్పుతాం. విదేశాల నుంచి కుక్కను తెచ్చుకునే ముందు ఆ మర్యాద తెచ్చుకుందాం. దానికి ఖర్చు కూడా లేదు.

మరి ఏం చెయ్యాలంటారా? కాదనడమే కాదు, చెప్పడానికీ మా దగ్గర ఉంది. డాక్టర్లు చదువుకునే పద్ధతుల్లోనే ఉంది. 1959లో అమెరికాలో అడెల్‌స్టన్ అనే పంటి వైద్యుడు రాసిన పద్ధతి ఒకటి ఇప్పటికీ పిల్లల పంటి వైద్యంలో పాఠమే. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. అద్దం చూపిస్తారు, పిల్ల చేతికిస్తారు. గాలి ఊదే గొట్టంతో ముందు పిల్ల అరచేతిలో ఊదుతారు. మిషను చప్పుడు దూరం నుంచి వినిపిస్తారు. ఆ తర్వాతే నోట్లోకి. దీనికి ఓపిక కావాలి, పది నిమిషాలు కావాలి. వందమంది పిల్లల్ని ఒక్క పూటలో ముగించేద్దామనుకునే క్యాంపులో ఆ పది నిమిషాలే దొరకవు. మన రిపోర్టులో అంకె పెద్దగా కనబడాలన్న తొందరే పిల్లలకు మొదటి శత్రువు.

కాబట్టి సంఘం ముందు మా కోరికలు ఇవి.

ఒకటి. క్యాంపు రోజు ఎవరికీ సూది వద్దు, పన్ను పీకడం వద్దు. చూడటం, లెక్కపెట్టడం, రాసివ్వడం, అంతే. పని అవసరమైన పిల్లలకు వేరే తేదీ ఇప్పిద్దాం, లేనివాళ్లకు ఖర్చు సంఘం భరిద్దాం. మొదటిసారి కుర్చీ ఎక్కి, నొప్పి లేకుండా దిగిన పిల్ల రెండోసారి తనంతట తానే ఎక్కుతుంది.

రెండు. పిల్ల చెయ్యి ఎత్తితే డాక్టరు ఆగాలి. ముందే పిల్లకు చెప్పాలి, చెప్పాక మాట తప్పకూడదు. ఒక్కసారి తప్పితే ఇక ఆ చెయ్యి లేవదు, నోరు మూసుకుంటుంది.

మూడు. పిల్ల పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండాలి, పట్టుకోవడానికి కాదు, మాట్లాడటానికి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లిషు మాట్లాడతారు. నొప్పి వచ్చినప్పుడు మాత్రం 'అమ్మా' తర్వాత వచ్చే మాట ఇంటి మాటే. తెలుగు రాని డాక్టరైతే తల్లి పక్కనుండి చెప్పాలి. తమిళమే ఇంటి భాషైన పిల్లకు తమిళంలోనే.

నాలుగు. గంటల తరబడి ఎదురుచూడటం ఉండకూడదు. ఇందాక చెప్పిన పరిశోధన గుర్తుందిగా, భయానికి ఊరట దొరికింది ఎదురుచూసే వేళలోనే. అంటే భయం పెరిగేది కూడా అప్పుడే. ఇంటింటికీ టైమిద్దాం. చిన్నపిల్లలకు పొద్దున్నే పెడదాం. లోపలి ఏడుపు బయటికి వినపడని చోటు చూద్దాం.

ఐదు. క్యాంపుకు వారం ముందు తల్లిదండ్రులకు ఒక అరగంట మీటింగు పెడదాం. 'సూది వేయిస్తా' అన్న బెదిరింపు ఇంట్లో మానాలని చెప్పాలి. 'ఏమీ నొప్పుండదు' అన్న అబద్ధం కూడా మానాలి. 'కొంచెం నొస్తుంది, నేను పక్కనే ఉంటాను' అంటే పిల్లలకు అర్థమవుతుంది.

ఆ మీటింగులో ఇంకో సంగతి కూడా చెప్పించాలి. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయని మనం వదిలేస్తున్నాం. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. కానీ దవడ వైపు పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. ఇంకా ముఖ్యమైంది, ఆరేళ్ల ప్రాంతంలో ఆ పాలపళ్లన్నిటి వెనకా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుంటాం. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. అది పుచ్చిపోయాక తెలుసుకుని లాభం లేదు. పిల్లల పంటి వైద్యులు మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపే ఒకసారి చూపించమంటారు. మనం మూడు రాత్రులు నిద్రలేకుండా పోయాక చూపిస్తాం. నొప్పితో తప్ప డాక్టరు ముఖం చూడని పిల్లకు డాక్టరంటే నొప్పే అనిపించదా?

ఇవన్నీ చేశాక కూడా కుక్క కావాలంటే, అప్పుడు మాట్లాడుకుందాం. తర్ఫీదు పొందిన కుక్క, దాని వెంట జవాబుదారీగా ఉండే మనిషి, టీకాల కాగితాలు, పశువైద్యుడి సర్టిఫికెట్టు. వైద్యం చేసే గదిలోకి వద్దు, అక్కడ మిషను నీళ్లతో పాటు ఉమ్మి తుంపరలు కూడా ఎగజిమ్ముతుంది. బయట వేరే గదిలో, ఇష్టమైన పిల్లలకు మాత్రమే. రెండో గుమ్మం ఉండాలి, కుక్కంటే భయమున్న పిల్ల దాన్ని చూడకుండానే లోపలికి పోగలగాలి. ఆ కుక్క లాబ్రడారైనా, వీధిలోంచి తెచ్చి పెంచిందైనా మాకు సమ్మతమే. రాజపాళయమే కావాలన్న పట్టుదల మాత్రం పిల్లల కోసం కాదు, బ్యానరు కోసం.

'మన ఊరి కుక్కను మీరే తక్కువ చేస్తున్నారు' అని ఒక బావగారు మాకు ఫోను చేసి కోప్పడ్డారు. బావగారూ, తక్కువ చేస్తున్నది మేము కాదు. అడవిపందికి ఎదురునిలిచిన కుక్క మెడకు రిబ్బను కట్టి, ఏడుస్తున్న పిల్లల మధ్య కూర్చోబెట్టి, అది గుర్రుమన్న మర్నాడు 'రాజపాళయం కుక్క పిల్లను కరిచింది' అన్న వార్త తెప్పించుకుంటే, అదీ తక్కువ చేయడం. ఆ వార్త వచ్చాక ఊరి పేరు వాడుకున్న సంఘం కనబడదు. కుక్కే కనబడుతుంది. దాన్ని ఏం చేస్తారో కూడా మనకు తెలుసు.

ఊరి పేరు నిలబెట్టడానికి కుక్క ఒక్కటే లేదు. పక్కనున్న సత్రపట్టిలో గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డ నేసి ఎక్కడెక్కడికో పంపుతున్నారు. ఆ కట్టు కట్టించుకున్నవాడికి అది ఎక్కడ నేసిందో తెలియదు, గాయం మాత్రం మానుతుంది. మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన కుమారస్వామి రాజా గారు తన ఇంటినే ఊరికి రాసిచ్చారు, ఆ ఇల్లే ఇవాళ గాంధీ కలైమండ్రం. ఊరి పేరు అలాంటి పనుల వల్ల నిలిచింది.

వచ్చే ఆదివారం మీటింగులో ఈ ఐదు కోరికలూ కాగితం మీద పెడతాం. బ్యానరు ఆర్డరు అప్పటిదాకా ఆపమని కార్యదర్శి గారిని వేడుకుంటున్నాం. తల్లులు తప్పకుండా రండి. పోయిన మీటింగులో నలభై మందిలో ఆడవాళ్లు ముగ్గురే. పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది మాత్రం మీరే. వీలైతే ఈ వారంలో మీ పిల్లల్ని ఒక్కసారి అడిగి రండి, పంటి డాక్టరు దగ్గర దేనికి భయమని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు మీటింగులో చెప్పండి. మా మనవరాలు చెప్పింది మేము చెప్తాం.